ఏట్లో నిలబడ్డది ఎవరు?

కృష్ణలో నడుము లోతు నీళ్ళు. మధ్యలో తెల్ల చొక్కా వేసుకున్న డార్లింగ్‌ దొర, ఆయన ముందు చేతులు జోడించి తల వంచిన మాల పెద్ద, వెనక ఒడ్డు నిండా జనం. పెన్సిలు బొమ్మ ఇది. కింద ‘పగోలు వెంకయ్య బాప్తిస్మం, 1859’ అని రాసి ఉంది. గీసినాయన పటమటలో ఉండే రిటైర్డ్‌ డ్రాయింగు మాస్టారు, ఇంట్లో రోజూ దీపం పెట్టే మనిషి. దాన్ని తప్పుబట్టినావిడ కాలేజీలో చరిత్ర చెబుతారు, పుట్టింది సీఎస్‌ఐ కుటుంబంలో. ఎవరు ఏ వైపు మాట్లాడతారో ముందే లెక్కేసుకునేవారికి ఈ వాదన కాస్త ఇబ్బందే.

లెక్చరర్‌: మాస్టారూ, ఈ కాగితం మీద తెల్లగా మిగిలింది ఎవరు?

మాస్టారు: దొరగారి చొక్కా. నీళ్ళ మీద తళుకు.

లెక్చరర్‌: అదే నా అభ్యంతరం. పెన్సిలు బొమ్మలో తెలుపు వేసేది కాదు, వదిలేసేది అని మీరే పిల్లలకు చెప్పేవారట. కాగితాన్ని ఎక్కడ ముట్టుకోకుండా వదిలితే అక్కడే వెలుగు. డార్లింగ్‌ దొర ఒంటి మీద పట్టుమని పది గీతలు లేవు. వెంకయ్య వీపు మీద 6బీ పెన్సిలు ఎంత రుద్దారంటే, లెడ్డు పేరుకుని పక్కనుంచి చూస్తే కాగితం మెరుస్తోంది. వెలుగు ఆయనది, చీకటి ఈయనది. మీరు నోటితో ఆ మాట ఎన్నడూ అనరు. మీ చెయ్యి అనేసింది.

మాస్టారు: ఆ వీపును ఇంకోసారి చూడమ్మా. వెన్ను పక్కన గాడి ఉంది, భుజం మీద బరువులు మోసి మోసి కాసిన కాయ ఉంది, తడి జారిన చార ఉంది. ఎన్ని ఛాయలున్నాయో చూడు. చొక్కాలో ఏముంది? ఏమీ లేదు. గీసేవాడి మనసు ఎక్కడుందో తెలియాలంటే చెయ్యి ఎక్కడ ఎక్కువసేపు ఆగిందో చూడాలి. నా చెయ్యి ఆ వీపు దగ్గరే ఆగింది.

లెక్చరర్‌: మీరు ఎంతసేపు ఆగారో చూసేవాళ్ళకు తెలియదు కదండీ. వాళ్ళకు కనబడేది కళ్ళకు అలవాటైన అమరిక ఒక్కటే. అమెరికా పార్లమెంటు భవనంలో గుమ్మటం కింద జాన్‌ చాప్‌మన్‌ వేసిన పెద్ద వర్ణచిత్రం ఉంది, 1840 నాటిది. పొకహాంటస్‌ అనే ఆదివాసీ అమ్మాయి బాప్తిస్మం దాని విషయం. ఆ పిల్ల మోకాళ్ళ మీద ఉంది, పాస్టరు నిలబడ్డాడు, వెలుగంతా ఆ ఇద్దరి మీదే. అన్న మొహం తిప్పుకున్నాడు, మిగతా చుట్టాలు నీడలో ఉన్నారు. ఆ దేశంలో ఆ జనానికి ఏం జరిగిందో ఆ బొమ్మ చెప్పదు, చెప్పనక్కర్లేకుండా చేస్తుంది. ఇక్కడినుంచి దొరలు పంపిన బొమ్మల్ని చెక్కించి అచ్చేసిన ఇంగ్లండు మిషన్‌ పత్రికలదీ అదే పని. చందా ఇచ్చేవాళ్ళకు తమ డబ్బు దేనికి ఖర్చయిందో ఒక్క చూపులో తెలియాలి. మీరు ఆ పత్రికలు చూసి ఉండరు, అయినా అదే బొమ్మ వేశారు.

మాస్టారు: సరే, అమెరికా దాకా వెళ్ళావు కాబట్టి నేను అమరావతి దాకా వస్తాను. మనిషి మతం మారే ఘట్టాన్ని బొమ్మగా చెయ్యడం ఈ కృష్ణ ఒడ్డుకు కొత్తా? మదమెక్కిన నాళాగిరి ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లిన పలక అమరావతిదే, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నాగార్జునకొండలో నందుడి కథ చెక్కారు. కొత్త పెళ్ళికొడుకు. బుద్ధుడు చేతికి భిక్షాపాత్ర ఇచ్చి వెంట తీసుకుపోయి గుండు గీయించాడు. మనసేమో పెళ్ళికూతురు సుందరి దగ్గరే ఉండిపోయింది. ఆ కథనే మన కృష్ణా జిల్లా కవులు పింగళి, కాటూరి ‘సౌందరనందం’ అని కావ్యం చేస్తే తెలుగువాళ్ళం నెత్తిన పెట్టుకున్నాం. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి మతమార్పిడి అయితే శిల్పకళ, నూట అరవై ఏళ్ళ నాటిదైతే ప్రచారమా?

లెక్చరర్‌: దెబ్బ బాగానే తగిలింది. ఒప్పుకుంటాను. కానీ నందుడి కథ అతని అయిష్టాన్ని దాచిపెట్టదు, ఆ పెనుగులాటే దానికి ప్రాణం. మీ వెంకయ్య మొహంలో ఏ పెనుగులాటా లేదు. అసలు మొహమే లేదు, వీపు ఉంది. ఇంకో సంగతి, ఇది కళ కాదు, చరిత్ర. డార్లింగ్‌ చర్చ్‌ మిషనరీ సొసైటీ మనిషి, ఆంగ్లికన్‌. వాళ్ళ పద్ధతిలో మామూలుగా తల మీద నీళ్ళు పోస్తారు. నడుము లోతులో నిలబెట్టి నిలువునా ముంచేది ఒంగోలు వైపు బాప్టిస్టులు. బెజవాడ మనిషి పేరు పెట్టి ఒంగోలు ఏరు గీశారు మీరు.

మాస్టారు: అది తప్పే. చెంబుతో నీళ్ళు పోస్తున్నట్టు గీస్తే బలం చాలలేదు, ఏట్లోకి దింపాను.

లెక్చరర్‌: బలం కోసం దింపారు కదా. అయితే నిజంగా ఆ ఏట్లో ఏం జరిగిందో వినండి.

ఒంగోలు కృష్ణా డెల్టా కిందికి రాదు. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. అయినా తెలుగు నేల మీద బాప్తిస్మం అన్న మాట వస్తే వాదన అక్కడికి వెళ్ళక తప్పదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్‌ బాప్టిస్టు మిషనరీ జాన్‌ క్లౌ పేరు ప్రపంచమంతా మోగింది అక్కడినుంచే.

లెక్చరర్‌: ఆ రోజు నీళ్ళలో ఒక్క దొర కూడా లేడు మాస్టారూ. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకున్నారు. ఒకసారికి ఇద్దరు నీళ్ళలో నిలబడటం, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగటం. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకు ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా. క్లౌ తన చేత్తో ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తెలుగు మనిషి మాదిగ మనిషిని పట్టుకుని నీళ్ళలో ముంచి లేపిన రోజు అది. మీ పెన్సిలు దొరను తీసుకొచ్చి నడిమధ్యన నిలబెట్టింది. మన మతం వాళ్ళను దొరలు మార్చేశారు అని తిట్టేవాళ్ళకూ ఆ దొరే కావాలి, దొర మమ్మల్ని ఉద్ధరించాడు అని పొగిడేవాళ్ళకూ ఆయనే కావాలి. ఆ ఆరుగురు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

మాస్టారు: ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. కానీ అమ్మా, నువ్వు ఒకటి వదిలేశావు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం గడ్డిదుంపలు తవ్వుకు తిన్న రోజులు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. ఆ వెంటనే వేలమంది మతంలో చేరారు. నేను దొరను గీస్తే నీకు కోపం వచ్చింది. దొర చేతిలో అన్నం కుండ గీసి ఉంటే ఏమనేదానివి?

లెక్చరర్‌: మా నాయనమ్మను కూడా ఊళ్ళో బియ్యం కోసం మతం మారారని ఎత్తిపొడిచేవారు, కాబట్టి ఈ మాటకు నేను సిద్ధంగానే ఉన్నాను. కరువు నడిచినంతకాలం, పదిహేను నెలల పాటు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి డబ్బులు ముట్టి మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదనే ఆపాడు. పనులు ముగిశాకే గుండ్లకమ్మకు పిలిచాడు.

మాస్టారు: ఆపాడు, నిజమే. ఆకలి మాత్రం తారీఖు చూసుకుని ఆగదు కదా. అన్నం పెట్టిన చెయ్యిని కడుపు పదిహేను నెలల్లో మర్చిపోతుందా?

లెక్చరర్‌: మర్చిపోదు. మర్చిపోవాలని నేనూ అనను. ఊరి కరణం, మోతుబరి కూడా వాళ్ళ ఆకలి చూశారు, ఏం చేశారు అని మాత్రం అడుగుతాను. అయినా కరువుతో మొత్తం లెక్క తేలదు. ఎర్రగుంట్ల పేరయ్య, అదే ఒంగోలు ప్రాంతపు మాదిగ పెద్ద, బాప్తిస్మం తీసుకుంది 1866లో, ఆ కరువుకు పదేళ్ళ ముందు. వెంకయ్యది 1859.

ఇక్కడ వాదన కాసేపు ఒక్క తాటి మీదికి వచ్చింది. ఆ తాడు గట్టిది కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రాబర్ట్‌ నోబుల్‌ 1841లో బందరు దిగింది మాలపల్లెల కోసం కాదు, బ్రాహ్మణ, వెలమ పిల్లల కోసం. 1843లో పెట్టిన ఆయన బడిలోకి అంటరానివాళ్ళని రానివ్వలేదు. 1852లో పైకులాల విద్యార్థులు ఇద్దరు మతం మారితే ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఇరవై ఏళ్ళు ఆ గుమ్మం దగ్గర కాచుకుంటే రాలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నందిగామ వైపు రాఘవాపురం నుంచి వెంకయ్య బెజవాడలో డార్లింగ్‌ను వెతుక్కుంటూ వచ్చింది, ఎవరూ పిలవకుండానే. ఒంగోల్లోనూ అంతే. పిల్లల్ని బడికి పంపడానికి ముందుకొచ్చిన పైకులాల వాళ్ళు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని క్లౌకు తేల్చి చెప్పారు. ఎటు మొగ్గాలో ఆయన తేల్చుకోవాల్సి వచ్చింది. పిలుపు ఒకరికి వెళ్ళింది, వచ్చింది మరొకరు. ఈ ఒక్క సంగతి ‘మభ్యపెట్టి మార్చారు’ అనే వాదనను ఎంత ఇరుకున పెడుతుందో, ‘దొరలు వెతుక్కుంటూ వచ్చి ఉద్ధరించారు’ అనే వాదననూ అంతే ఇరుకున పెడుతుంది.

మాస్టారు: అందుకే నేను వెంకయ్యను గీశాను. 1936లో జాన్‌ మాట్‌ అనే అమెరికన్‌ మిషన్‌ పెద్దతో మాట్లాడుతూ గాంధీగారు ఏమన్నారో నీకు తెలిసే ఉంటుంది. మతాల మంచిచెడ్డలు బేరీజు వేసుకునే విషయంలో అంటరానివాళ్ళు కొందరు ఆవుకన్నా తీసికట్టు అన్న అర్థం వచ్చేలా అన్నారు. నేను ఖద్దరు కట్టిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాట చదివి నాకే తల కొట్టేసినట్టయింది. డోర్నకల్‌ బిషప్‌ అజరయ్య ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకుంటాడు? వెంకయ్య మందలో కొట్టుకొచ్చినవాడు కాదు. తనకు తాను ఆలోచించుకున్నవాడు. నా బొమ్మలో నిలబడ్డది ఆ ఆలోచన.

లెక్చరర్‌: నిలబడలేదండీ, వంగింది. తల వంచి చేతులు జోడించిన మనిషిలో ఆలోచన ఎవరికి కనబడుతుంది? కారవాజియో 1601 ప్రాంతంలో పౌలు మారిన ఘట్టం వేశాడు. పాస్టరు లేడు, నీళ్ళు లేవు. గుర్రం మీదినుంచి పడ్డ మనిషి, కళ్ళు మూసుకుని చాచిన చేతులు, మీద వెలుగు. మారడం అన్నది లోపల జరిగింది కాబట్టి లోపలే చూపించాడు. మీరు వెంకయ్య బెజవాడకు నడిచొచ్చిన దారి గీయండి. నీళ్ళలోకి దిగేసరికి అసలు కథ అయిపోయింది.

మాస్టారు: దారిలో నడిచే మనిషిని గీస్తే తిరునాళ్ళకు పోతున్నాడనుకుంటారమ్మా. పదిమంది ఎదుట జరిగిందే బొమ్మకు అందుతుంది. అదీగాక, నువ్వు మనసులోకి నెట్టేస్తున్న సంగతి ఆ రోజుల్లో బహిరంగంగా జరగడంలోనే ఉంది. ఊరి చెరువులో చెయ్యి పెట్టనివ్వని మనిషి అందరూ చూస్తుండగా నీళ్ళలో నిలబడ్డాడు. అది లోపలి విషయమా?

లెక్చరర్‌ దీనికి వెంటనే బదులు చెప్పలేదు. చెప్పినప్పుడు దారి మార్చారు. వాదనలో అది పారిపోవడమే అని కొందరంటారు. కానీ ఆవిడ వెళ్ళిన చోటు పటమటకు దూరం కాదు.

లెక్చరర్‌: మీ వీధికి కూతవేటు దూరంలో నాస్తిక కేంద్రం ఉంది. గోరాగారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు తెచ్చారు. బ్రాహ్మణుడు. మతం మారడం కాదు, మతాన్నే వదలాలన్నారు. పెద్దకూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రాంలో పెళ్ళి చేశారు. గాంధీగారు ఆ పెళ్ళి దగ్గరుండి జరిపిస్తానన్నారు, ఈలోపే ఆయన్ను చంపేశారు. కొడుకు లవణం చేసుకున్నది గుర్రం జాషువా కూతురు హేమలతని. ఆ జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టినవాడు. పేరు మారినా కులం వదల్లేదని ఒళ్ళంతా తెలిసినవాడు. 1941లో ‘గబ్బిలం’ రాస్తే, అందులో అంటరానివాడి మొర గబ్బిలంతో పంపింది కాశీలో శివుడి దగ్గరికి. ఇన్ని రకాల దాటడాలు జరిగిన జిల్లాల్లో, ఒక్క నీళ్ళ బొమ్మే ఎందుకు తోస్తుంది మనకు?

మాస్టారు: నువ్వన్న వాటిలో దేనికీ తంతు లేదు కాబట్టి. దేవుణ్ణి వదిలేసిన మనిషిని ఎలా గీయను? ఏమీ చేయకుండా కూర్చున్న మనిషిలా ఉంటాడు.

లెక్చరర్‌: అదే చెబుతున్నా. తంతు ఉన్నదే బొమ్మవుతుంది, బొమ్మ అయిందే చరిత్ర అనుకుంటారు. ఇంకో చిన్న సంగతి. ఒడ్డు మీద పసిబిడ్డను ఎత్తుకున్న ఆవిడ నుదురు దగ్గర కాగితం గరుకెక్కింది. అక్కడ ఏం చెరిపారు?

మాస్టారు: బొట్టు. ముందు పెట్టాను. క్రైస్తవులు కదా అని తీసేశాను.

లెక్చరర్‌: ఒడ్డు మీద ఉన్న మనిషికి ఇంకా బాప్తిస్మం కాలేదు. అప్పుడే చెరిపేశారా? అయినా అందరూ తీసేస్తారని ఎవరన్నారు? ఆర్‌సీఎం ఇళ్ళల్లో బొట్టు పెట్టుకునే ఆడవాళ్ళు ఎంతమంది లేరు? పక్కనే గుణదల కొండ. 1924లో ఆర్లాటి ఫాదరు అక్కడ మరియమ్మ విగ్రహం పెట్టారు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్ళలో తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు చాలామంది ఏ చర్చి రిజిస్టరులోనూ ఉండరు. ఆ నుదుటి మీద రబ్బరు పెట్టింది ఏ దొరా కాదు, మీరే.

మాస్టారు: మళ్ళీ పెడతాను. నా దగ్గర పెన్సిలు ఉంది.

లెక్చరర్‌: అంత సులువు కాదు. ఆవిడ భర్త దిగాడు కాబట్టి ఆవిడా దిగుతుందని మీ బొమ్మ అనుకుంటోంది. కులపెద్ద మాటిస్తే పల్లె పల్లెంతా కదిలిన రోజులవి. ఆవిడకు ఇష్టమో కాదో అడిగిన కాగితం నాకు ఎక్కడా దొరకలేదు. ఇది మా వాళ్ళను నేను అడిగే ప్రశ్న, మీ బొమ్మను కాదు.

మాస్టారు: ఆ ప్రశ్న పెళ్ళి గురించి కూడా అడగొచ్చు, ఆ రోజుల్లో ఆడమనిషి చేసిన ఏ పని గురించైనా అడగొచ్చు. దానితో బాప్తిస్మం ఒక్కటే అబద్ధమైపోదు. సరే, కొత్త కాగితం తీసుకుంటాను. దొరను ఒడ్డు మీదికి పంపేస్తాను. నీళ్ళలో ఇద్దరు తెలుగు బోధకులు. పేర్లు చదివే మనిషి ఒకడు. ఊళ్ళో ‘ఒరే’ తప్ప వేరే పిలుపు వినని మనిషి పేరు పదిమందిలో పైకి చదవడం, అది గీయాలనుంది నాకు.

లెక్చరర్‌: గీయండి. అయితే ఒడ్డు మీద జనం సంగతి? ఆ ముఖాలు ఎవరివి?

మాస్టారు: మా వీధి చివర కాలనీ వాళ్ళవి. పనిలో ఉండగా చూసి వేసుకున్నాను. ఊహించి వేసిన ముఖాలకు ప్రాణం ఉండదు.

లెక్చరర్‌: ఇబ్బంది సరిగ్గా అక్కడే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ చేర్చలేదు. మారితే మన రాష్ట్రంలో బీసీ-సీ, 1 శాతం. చేర్చమని మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసి పంపింది. రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకుంటే అది రాజ్యాంగానికే మోసం అని సుప్రీంకోర్టు 2024 నవంబరులో అంది. గుంటూరు వైపు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసులో, మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని మన హైకోర్టు 2025 ఏప్రిల్‌ 30న చెప్పింది. ఆదివారం చర్చికి వెళ్ళి సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో వేరే పేరు చెప్పే బతుకులు ఆ కాలనీలో ఉన్నాయి. వాళ్ళ ముఖాలు గుర్తుపట్టేలా వేసి, బాప్తిస్మం అని కింద రాసి, ఎగ్జిబిషన్‌లో తగిలిస్తారా?

మాస్టారు: బొమ్మ సాక్ష్యం కాదమ్మా.

లెక్చరర్‌: కోర్టులో కాదు. వీధిలో అవుతుంది.

మాస్టారు: అయితే వెళ్ళి అడుగుతాను. ఒక్కొక్కరినీ.

లెక్చరర్‌: అవుననే అంటారు. మాస్టారుగారు, పెద్దాయన, ఇంటికొచ్చి అడిగారని. ఆ ఒప్పుకోలు ఎంతవరకు వాళ్ళ సొంతం? ఇందాక అన్నం కుండ పేరు చెప్పి క్లౌ గురించి మీరు నన్ను నిలదీసింది ఇదే కదా.

మాస్టారు: ఇదే. నా ఎదుట మొహమాటం ఉంటుంది కాబట్టి నువ్వూ రా, వాళ్ళ పిల్లల్నీ కూర్చోబెడదాం, కాగితం అక్కడ పెట్టి నేను బయట నిలబడతాను. వద్దన్నవాళ్ళ ముఖం మార్చేస్తాను, కారణం అడగను. కానీ ఎవరైనా ఉంచమంటే, వాళ్ళకు తెలియక ఉంచమన్నారని నువ్వు అనకూడదు.

లెక్చరర్‌: అనను. సర్టిఫికెట్టు గొడవ మాత్రం ముందే చెబుతాను, అది విన్నాకే జవాబు తీసుకోవాలి.